దొడ్డికాళ్ళ భయం

రెండు నెలల నా బిడ్డకు నీళ్ళు పోయడమంటే మా అమ్మకు పెద్ద కార్యం. రేగొండలో మా ఇంటి వెనక పీట వేసుకుని, కాళ్ళు చాపి, వాటి మీద పిల్లను పడుకోబెట్టి నూనె మర్దన చేసేది. అక్కడిదాకా నాకేం బాధ లేదు. ఆ తర్వాతే నా తలనొప్పి. పిల్ల రెండు కాళ్ళూ నిటారుగా లాగి, జత చేసి, పాతచీర ముక్కతో బిగించి చుట్టేది. లేకపోతే మోకాళ్ళు ఎడంగా వంగి దొడ్డికాళ్ళు వస్తాయట, రేపు ఎవరూ పెళ్ళి చేసుకోరట. రెండు నెలల పిల్లకు పెళ్ళి!

భూపాలపల్లి దవాఖానలో డాక్టర్ పిల్లను చూసి తుంటి కీలు వదులుగా ఉందన్నాడు. కాళ్ళు ఎడంగా మడిచి ఉంచే బెల్టు వేశాడు. "ఇది తీయొద్దు, కాళ్ళు దగ్గరికి కట్టొద్దు. కీలు కుదురుకోకపోతే రేపు కుంటుతుంది" అని ఇద్దరికీ చెప్పాడు. అమ్మ బుద్ధిగా తల ఊపింది. ఆ ఊపుడు సంగతి నాకు తెలుసు.

వారం తిరగలేదు. నేను తలంటుకుని వచ్చేసరికి బెల్టు దండెం మీద ఉంది, పిల్ల కాళ్ళు చీర ముక్కలో ఉన్నాయి.

"ఎందుకు తీసినవమ్మా? చెప్పి చెప్పి నా నోరు పడిపోతాంది!"

"ఎందుకట్ల మొత్తుకుంటవ్? జరసేపే గదా. గా బెల్టుల పోరి కాళ్ళు సూస్తే కడుపు తరుక్కుపోతాంది. నిన్ను గూడ గిట్లనే కట్టి పెంచిన. నడుస్తలేవా?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పక్కింటి పెద్దమ్మ కూడా ఆమెకే వత్తాసు: "గా డాక్టర్ ఎన్నడన్న పసిపోరలకు నీళ్ళు పోసిండా?" చీర ముక్కను పొయ్యిలో పడేశాను. మర్నాటికి అమ్మ ఇంకోటి చింపింది.

నెల తర్వాత పరీక్ష చేస్తే కీలు ఇంకా కుదురుకోలేదు. "బెల్టు తీస్తున్నారా?" అని డాక్టర్ అడిగాడు. ఒళ్ళు మండి అమ్మ వైపు చేయి చూపించాను. అమ్మ దాచలేదు.

"తీసిన సారూ." నేల చూస్తూ మెల్లగా అడిగింది. "మా పెద్దబిడ్డ నడక నేర్చిన కాడికెల్లి కుంటుతది. అది గూడ నేను కాళ్ళు కట్టినందుకేనా?"

అక్క కుంటుకు ఆ కట్టే కారణం కావచ్చని నాకు ఏనాడూ తట్టలేదు. నెల రోజులుగా "డాక్టర్ చెప్పింది విను" అని ఆమె మీద అరిచిన నేనే, డాక్టర్ నోరు తెరవకముందే ఆమె చెయ్యి పట్టి లేపాను.

"నీ వల్ల కాదమ్మా. లే, బస్సు పోతది."