గృహప్రవేశానికి పంచిన మొక్కలు

మా గృహప్రవేశానికి వచ్చినవాళ్లకి స్టీలు డబ్బాలు పెడదామన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. నర్సీపట్నంలో ఏ ఇంటి అటక చూసినా ఎవరెవరి పెళ్లిళ్లలోనో ఇచ్చిన డబ్బాలే, పేర్లు చెక్కించుకుని మరీ కూర్చున్నాయి. హైస్కూల్లో పిల్లలకి పర్యావరణం మీద ఏటా ఉపన్యాసం దంచేదాన్ని, నా ఇంటి శుభకార్యానికి నేను కూడా స్టీలు డబ్బాలే పంచితే ఏం బాగుంటుంది? మొక్కలిద్దామని పట్టుబట్టాను. గోదావరి వైపు నర్సరీ నుంచి వ్యానులో కుండీలు దింపించాను. కనకాంబరాలు, మందారాలు, గులాబీలు. బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు ఒక్కో కుండీ చేతిలో పెడుతూ, "దీన్ని మా ఇంటి ఆడపిల్ల అనుకోండి, బాగా చూసుకోండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు మండిపోతాయి.

అందరూ మెచ్చుకున్నారు. నన్ను నేను కూడా మెచ్చుకున్నాను, అందరికంటే కాస్త ఎక్కువే.

వానలు పడ్డాక ఒక ఉదయం మా పెరటి గోడ మీద అరచేతి పొడుగు నత్త కనిపించింది. గోధుమరంగు చారల గుల్ల, ముందుకు చాచిన కొమ్ములు. మన పొలాల్లో అంత పెద్ద నత్తని నేనెప్పుడూ చూడలేదు. ముచ్చటేసి ఫోటో తీసి, "మా కొత్త ఇంటికి అనుకోని అతిథి" అని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

మధ్యాహ్నానికి మాకవరపాలెం నుంచి మా పిన్ని, మా ఇంటికీ వచ్చిందే నీ అతిథి, అని రాసింది. రావికమతం నుంచి మా మేనమామ కొడుకు వాళ్ల బొప్పాయి మొక్క ఫోటో పెట్టాడు. ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పటికీ నాకు వెలగలేదు. సాయంత్రం అతనే ఇంకో ఫోటో పెట్టాడు. నేనిచ్చిన కుండీని బోర్లించి మట్టి విడదీశాడు. ఆ మట్టిలో సగ్గుబియ్యం పోసినట్టు గుడ్లు. అవి ఆఫ్రికా నత్తలనీ, కంటికి కనిపించిన పచ్చనిదల్లా తినేస్తాయనీ, నర్సరీ మట్టితోనే వచ్చి ఉంటాయనీ వాళ్ల ఊరి వ్యవసాయాధికారి చెప్పాడట.

ఆ ఫోటో కింద ఎవ్వరూ ఏమీ రాయలేదు. ఒక్కరైనా తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. నా నోటి సంగతి తెలిసే కాబోలు, ఎవరూ ఆ అవకాశం ఇవ్వలేదు. నా అతిథి ఫోటోని గబగబా తీసేశాను. తీసేసిన సంగతి కూడా అందరికీ కనపడుతుందని తర్వాత గుర్తొచ్చింది.

అప్పట్నుంచి మా ఆదివారాలన్నీ నత్తలకే సరిపోయాయి. ముందురోజు ఫోను చేసి, పెరట్లో తడి గోనెసంచులు పరిచి వాటికింద బొప్పాయి ఆకులు వేయించేదాన్ని. తెల్లారేసరికి నత్తలన్నీ ఆ గోనెల కింద చేరేవి. మేము బండి మీద వెళ్లి, చేతులకి తొడుగులు వేసుకుని, వాటిని ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేసి, చచ్చాక గొయ్యి తీసి పూడ్చేవాళ్లం. ఏ ఇంటికెళ్లినా ముందు కాఫీ ఇచ్చేవారు. "నువ్వొచ్చి ఏరాలేటే, మేం ఏరుకోనేమా?" అని మా పిన్ని నా చేతిలో బకెట్టు లాక్కుంది. మా ఆయన ఒక్కసారి మాత్రం, ఆ వాసనకి ముక్కు మూసుకుని, "స్టీలు డబ్బాలు గుడ్లు పెట్టవు" అన్నారు. నేను ఇంకో గోనె ఎత్తాను.

రోలుగుంటలో ఉండే మా ఆయన అక్క దగ్గరికి మాత్రం వెళ్లకుండా వాయిదా వేస్తూ వచ్చాను. వదినకి ఇంటివెనక కాస్త భూమి ఉంది. వంగ, మిరప నారు పోస్తుంది, కూరగాయలు పండించి నర్సీపట్నం తెచ్చి అమ్ముకుంటుంది. అదే ఆవిడ బతుకుతెరువు. వచ్చినప్పుడల్లా మా గుమ్మంలో ఒక గుడ్డసంచి నిండా కూరలు పెట్టి వెళ్తుంది. నా పెళ్లయినప్పట్నుంచీ మా ఇంట్లో బెండకాయ కొని ఎరగం. ఫోను చేస్తే, "మాకేటీ నత్తలు నేవమ్మా, నువ్వు బెంగెట్టుకోకు" అంది. ఆ మాట నమ్మడం నాకు సుఖంగా ఉంది, నమ్మేశాను.

చివరికి ఒక ఆదివారం వెళ్లాం. పెరట్లోకి అడుగుపెట్టాం. నారుమళ్లలో పుల్లలే మిగిలాయి. గట్ల వెంబడి నత్తలు దాటకుండా పోసిన సున్నం చారలు, మూల ఖాళీ ఉప్పు సంచులు. అంటే ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఒక్కతే ఏరుకుంటోంది. మా ఆయన బకెట్టు తీసుకుని మళ్లలోకి దిగారు. వదిన నాకు కాఫీ గ్లాసు ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది.

అంతలో పక్క పెరటి ఆవిడ రుసరుసలాడుతూ వచ్చింది. "అప్పా, మా ఆనపపాదు కూడా తినీసినాయి. ఈ దరిద్రం ఎవులు తెచ్చినారో తెలిస్తే సెప్పు, ఆలింటి ముందుకెళ్లి కడిగీసి వొస్తాను!"

వదిన తడుముకోలేదు. "నానే తెచ్చినానే. సంతలో కనకాంబరం మొక్క కొన్నాను. దాంతోటే వొచ్చీసినాయి."

"నీకు బుద్ధుందేటప్పా? మళ్లు పెట్టుకున్న మడిసివి, సూసుకోవొద్దా?"

"నిజవేనే. తప్పు నాదే."

నేను అక్కడే కూర్చున్నాను, కాఫీ గ్లాసుతో. ప్రతిదానికీ ఏదో ఒకటి అనే నేను, "ఆ మొక్క నేనిచ్చింది" అన్న ఒక్క ముక్క అనలేకపోయాను. వదిన నా వైపు తిరగనైనా లేదు. ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో అని ఇప్పుడు అనుకుంటాను. అది కూడా నెపం ఆవిడ మీదికి నెట్టడమే. పక్కావిడ తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లిపోయింది, నేను చల్లారిన కాఫీ తాగాను.

బయల్దేరేటప్పుడు వదిన నేనిచ్చిన కుండీ తెచ్చింది. శుభ్రంగా కడిగి, ఎండబెట్టి ఉంది. పైన గుడ్డ కప్పి, "ఇంకోసారి పనికొస్తాది, ఉంచు" అని నా చేతిలో పెట్టింది.

"ఇందులో ఏమిటండీ వదినగారూ?" అన్నాను.

"ఖాళీది ఎలాగ పంపుతానమ్మా? బేగి ఎల్లండి, వానొచ్చీలాగుంది."

ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపే అలవాటు ఆవిడకి లేదు. ఊరు దాటాక, బండి మీద కుండీని ఒళ్లో పెట్టుకుని గుడ్డ తీసి చూశాను. వదిన తోట బెండకాయలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, మట్టి అంటుకుని వచ్చేవి. ఇవన్నీ ఒకే కొలతలో, కొట్లో ముడేసి ఇచ్చిన ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. ముడి కూడా విప్పలేదు.

"ఏం పెట్టింది అక్క?" అన్నారు మా ఆయన ముందు నుంచి.

"బెండకాయలు."

బండి కాస్త నెమ్మదించింది. ఆయన కూడా ఆ పెరడంతా తిరిగి చూసినవారే.

"కొన్నవా?" అన్నారు.

వాన మొదలైంది. కుండీ మీద గుడ్డ సరిచేసి, నర్సీపట్నం వచ్చేదాకా తల దించుకునే కూర్చున్నాను.