పదును దాటిన చేను

కర్నూలులో ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో నేనూ, నా క్లాసులోని ఒక అమ్మాయీ కలిసి ఒక యాప్ తయారు చేశాం. వాళ్ళది కోడుమూరు పక్క పల్లె, వాన మీదే సేద్యం. మాది టౌనులో విత్తనాల అంగడి. సొంత ట్రాక్టరు లేని రైతు ఫోనులో అడిగితే, దగ్గర్లో ఖాళీగా ఉన్న ట్రాక్టరు చేనికి వస్తుంది. అంతే మా ఆలోచన. ఎండాకాలం దుక్కులకు కొన్ని ఊళ్ళలో నడిపి చూశాం. బాగా నడిచింది.

ఆ ఊపులో బెంగళూరులో కొత్త కంపెనీలను పరిచయం చేసే ఒక పెద్ద సభకు వెళ్ళాం. స్టేజీ మీద ఆమే మాట్లాడింది. విత్తనం అదునులో వాళ్ళ నాయన ట్రాక్టరు కోసం ఇల్లిల్లూ తిరిగి బతిమాలుకోవడం గురించి చెప్పింది. తర్వాత ఒకటే చప్పట్లు. పేపర్లో పడిన మా ఫొటోను ఆయన టీ అంగట్లో అందరికీ చూపించాడట.

అక్కడి నుంచి పెట్టుబడి పెడతామన్నవాళ్ళ చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. "ఇంకో రెండు జిల్లాల్లో నడపండి, చూద్దాం" అనేవాళ్ళు. యాప్‌లో రైతులు పెరిగారు. ట్రాక్టర్లు పెరగలేదు.

ఆ ఏడు తొలి వాన ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఒకే సాయంత్రం కురిసింది. విత్తనానికి సరిపడా తేమ నేలలో నిలిచే ఆ కాస్త కాలాన్నే పదును అంటారు. అందరికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి. ట్రాక్టర్లున్నవాళ్ళు ముందు తమ చేలు, తర్వాత అన్నదమ్ముల చేలు విత్తుకున్నారు. యాప్ మాత్రం అడిగిన ప్రతివాళ్ళకూ "మీ ట్రాక్టరు వస్తోంది" అని మెసేజ్ పంపుతూనే ఉంది.

వాళ్ళ నాయనకూ అదే మెసేజ్ వెళ్ళింది. ఎదురింటాయన తన ట్రాక్టరు పంపిస్తానంటే, "వద్దులేప్పా, నా బిడ్డ చేసిన దాంట్లో అడిగినా. వస్తాది" అన్నాడట.

ట్రాక్టరు రాలేదని తెలిసి మేం బైకు మీద పల్లెలన్నీ తిరిగాం. చివరికి ఒకాయన ఒప్పుకుని వచ్చేసరికి గాలికి నేల ఆరిపోయింది. ఆమె పిడికెడు మట్టి తీసి నొక్కి చూసింది. పొడిపొడిగా రాలిపోయింది.

"ఎవరినన్నా పిలుచుకోకపోయినావా నాయనా?"

"నువ్వు చేసింటివి గదమ్మా. నేనే నమ్మకపోతే ఊర్లోవాళ్ళు నమ్ముతారా?"

ఆ ఆరిన నేలలోనే విత్తిన వేరుశనగ ఎక్కడో ఒక మొలక వచ్చింది.

ఏడాది తిరగకుండానే కంపెనీ మూసేశాం. బెంగళూరు సభలో మాతోపాటు స్టేజీ ఎక్కినవాళ్ళలో ఒకరి కంపెనీని ఎవరో కొన్నారు. మిగిలినవాళ్ళ వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవడం లేదు. ఆమె బెంగళూరులో ఉద్యోగానికి చేరింది. నేను కడపలో పాఠాలు చెప్పుకుంటున్నాను.

ఈమధ్య కోడుమూరు బస్టాండులో వాళ్ళ నాయన కనబడ్డాడు.

"బిడ్డ బాగుండాదప్పా. ఊరికి వస్తాది, పోతాది. చేనికాడికి మాత్రం రాదు. ఒక్క పంటకు అంత కుమిలిపోతే ఎట్ల? నువ్వన్నా చెప్పు."

చెబుతానన్నాను. ఇంటికొచ్చి ఆమెకు ఫోను చేశాను. ట్రాఫిక్ గురించి, ఆఫీసు గురించి శానాసేపు మాట్లాడింది. చేను మాట ఎత్తగానే, "అది ఇంకోసారి మాట్లాడుకుందాంలే" అని పెట్టేసింది. మళ్ళీ ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.