తాడు లాగిన వైపు

అక్క పోయాక ఆమె ఇల్లు ఖాళీ చేయడానికి కళింగపట్నం వెళ్లాను. అద్దె ఇల్లు. రెండు గదులు, వెనక చిన్న పెరడు, పెరడు దాటితే ఇసుక. అక్క ఆ ఊళ్లో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసింది. ఆమె పెళ్లి చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు. నాకు విజయనగరంలో లైబ్రరీ ఉద్యోగం, ఆమెకు ఇక్కడ. నేను రిటైరయ్యాక ఇద్దరం ఒకచోట ఉందామనుకున్నాం. నేను రిటైరైన ఏడాదే ఆమె పోయింది.

సామాను సర్దడానికి వారం చాలనుకున్నాను. మొదటి రోజు బీరువా తెరిచి, ఆమె చీరలు చూసి, మళ్లీ మూసేశాను. తర్వాతి రోజూ అంతే. ఊళ్లో ఎవరూ నా పేరు అడగలేదు. నర్సమ్మ సెల్లి అనేవారు. అక్క ఉన్నప్పుడు కూడా అలాగే అనేవారు. అప్పుడా మాటలో ఇద్దరం ఉండేవాళ్లం.

ఎండుచేపల వాసనకి తొందరగానే అలవాటు పడ్డాను. దాని కింద ఇంకో వాసన ఉండేది. అది అలవాటు కాలేదు. ఒక ఉదయం దాని వెంబడే పెరటి గోడ దాకా వెళ్లి అవతలికి చూశాను.

పక్కింటి వెనక చేపలు ఎండబెట్టడానికి తడకలతో వేసిన పందిరి ఉంది. సముద్రం వైపు గుంజకి ఒక కుక్కని కట్టేశారు. గోధుమరంగు ఊరకుక్క. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. తాడు పాత వలలోంచి తీసిన నైలాన్ తాడు. అది ఒరుసుకుని మెడ కుడివైపు పుండు పడింది. పుండు నిండా ఈగలు. నీళ్ల గిన్నె బోర్లాపడి ఉంది. కుక్క నన్ను చూసి మొరగలేదు. ఒకసారి చూసి తల తిప్పుకుంది.

పక్కింట్లో ఉండేది ఒక పెద్దావిడ. తెల్లారకుండానే ఒడ్డుకి వెళ్లి, పడవల దగ్గర చేపలు కొని, కోసి, ఉప్పు పట్టించి ఎండబెడుతుంది. మోకాళ్లు పట్టేసినా ఆ పని మానలేదు. అక్క దగ్గర మాత్రలు తీసుకున్నవాళ్లలో ఆమె ఒకరు. నేను కుక్క సంగతి ఎత్తితే, అది తనది కాదని, కొడుకుదని చెప్పింది. కొడుకు అందరితో పాటు గుజరాత్ వెళ్లాడు, వేరావల్‌లో బోట్ల మీద పనికి. ఆగస్టులో వెళ్తే మళ్లీ ఎండాకాలానికే రావడం. ఉన్నన్నాళ్లూ ఆ కుక్కని పక్కలోంచి వదిలేవాడు కాదట. నీకు వేరే పెళ్లెందుకురా, అయిపోనాది కదా అని ఈడువాళ్లు ఏడిపించేవారట. అతను వెళ్లాక విప్పి వదిలితే అది అందరి తడకల మీదా పడి తినేసింది. ఊళ్లోవాళ్ల తిట్లు పడలేక తనే కట్టేసింది.

"కట్టేస్తే కట్టేశావు, నీడలో కట్టకూడదా మామ్మా?" అన్నాను.

"ఓలమ్మ, నాను సెడ్డదాన్నేటి, గోడ మూల కట్టీడానికి? అక్కడైతే సముద్రం కనబడతాది. వాడి కోసం సూసుకుంటాదనే అక్కడ కట్టినాను."

ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో అబద్ధం లేదు. నేను కోపం తెచ్చుకుని వెళ్లాను. అది అక్కడ పనికిరాలేదు.

పుండు సంగతి అడిగితే, "నర్సమ్మ సెల్లివి, నీకు తెల్దేటి?" అంది. నాకు తెలిసింది పుస్తకాలకి నంబర్లు వేయడం. ఆ సంగతి ఆమెకి చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఆ రోజు బీరువా మొత్తం తెరిచాను. అక్క దూది, గాజుగుడ్డ, చిన్న కత్తెర ఎక్కడ పెట్టుకునేదో వెతకాలంటే చీరలన్నీ బయటికి తీయక తప్పలేదు. కత్తెరతో తాడు వదులు చేయబోతే కుక్క పళ్లు చూపించింది. దాని పేరేమిటని గోడ మీదుగా అడిగాను. పేరు లేదట. కొడుకు దాన్ని ఒరే అని పిలిచేవాడట. నేను జన్మలో ఎవరినీ ఒరే అనలేదు. లైబ్రరీలో అల్లరి చేసిన పిల్లల్ని కూడా మీరు అనేదాన్ని. అటూ ఇటూ చూసి, మెల్లగా, ఒరే అన్నాను. కుక్క పళ్లు మూసుకుని నా వెనక్కి చూసింది, పిలిచినవాడు అక్కడ ఉన్నాడేమో అని.

పుండులో పురుగులు పడ్డాయి. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆటో పిలిస్తే, మొదటతను వాసన చూసి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. రెండో అతని పిల్లలకి పురుడు పోసింది అక్క. నర్సమ్మ సెల్లి కాబట్టి ఎక్కించుకుంటన్నాను, నేపోతే మా సుట్టాల కుక్కనైనా ఎక్కనివ్వను అని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు డబ్బులు తీసుకోలేదు. ఆసుపత్రిలో డాక్టరు పురుగులు తీసి, సూది వేసి, చల్లడానికి మందు ఇచ్చాడు. పుండు మానుతుంది గానీ ఒంట్లో ఏమీ లేదన్నాడు. "తింటే బతుకుతాది. తినకపోతే నా చేతిలో ఏం లేదు."

అది తినలేదు. పెరుగన్నం పెట్టాను, ముట్టలేదు. పాలలో రొట్టె ముంచి పెట్టాను. పెద్దావిడ గోడ మీదుగా చూసి, జొరమొచ్చినోల తిండి పెడితే దానికి జొరమే వస్తాదని నవ్వింది. అప్పటిదాకా దానికి పడేసినవి ఉప్పుచేపల తలకాయలు. అది చేపల ఇంటి కుక్క. నాకు చేప తినడం వచ్చు, వండడం రాదు. వండేది అక్క. నేను వెళ్లినప్పుడు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఏదో ఒకటి చదివి వినిపించేదాన్ని, ఆమె వింటూ చేపలు తోమేది. ఎన్నిసార్లు చూశానో, చూసింది ఒక్కటీ చేతికి రాలేదు.

పెద్దావిడ దగ్గరే పచ్చి కవళ్ల చేపలు కొన్నాను. ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ముళ్లు తీసి, అన్నంలో కలిపి పెట్టాను. కుక్క వాసన చూసింది. చాలాసేపు అలాగే నిలబడి, తర్వాత తినడం మొదలుపెట్టింది. తింటున్నప్పుడు కూడా మధ్యమధ్య తల ఎత్తేది. అది గిన్నె నాకిన చప్పుడు విని నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. అక్కకి చెప్పాలనిపించింది. ఫోను చేతిలోకి తీసుకున్నాక గాని గుర్తు రాలేదు.

రోజూ కొంటుంటే నేనే తింటున్నాననుకుంది పెద్దావిడ. అక్కకి లాగే నాకూ కవళ్లంటే ప్రాణమని వీధిలో చెప్పింది. అసలు సంగతి తెలిసిన రోజు గోడకి చేరబడి నవ్వింది. "నా దగ్గిర కొని నా కుక్కకే పెడతన్నావేటే అమ్మా! ఎవులైనా ఇంటే నన్నేటంటారు?" మర్నాటి నుంచి డబ్బులు తీసుకోలేదు. తెల్లారేసరికి గోడ మీద ఆకులో చిన్న చేపలు ఉండేవి.

పుండు ఆరింది. తర్వాత మళ్లీ లేచింది, అదే చోట. మందు మార్చాను. ఆరి, మళ్లీ లేచింది. మెత్తటి గుడ్డ చుట్టినా అంతే. డాక్టరు చెప్పిన ప్రకారం చేస్తున్నాను, కుక్క తింటోంది, అయినా చర్మం నిలవడం లేదు. మళ్లీ పురుగులు పడితే ఈసారి తట్టుకోదని భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఏం చేయాలో తోచక గోడ దగ్గర పీట వేసుకుని ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నాను.

అది సముద్రం వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. గుంజ చుట్టూ ఒకే వైపు తిరిగేది. తాడు చుట్టుకుని పొట్టిదైపోయి మెడ గుంజకి ఆనుకున్నాక ఆగేది. ఆ ఆగిన చోటి నుంచి రెండిళ్ల మధ్య సందు కనిపిస్తుంది. సందు చివర రోడ్డు. మెడ ఒరుసుకుంటున్నా అక్కడే నిలబడేది. గుంజ చుట్టూ ఇసుక అరిగిపోయి గాడి పడింది. ఇన్నాళ్లూ ఆ గాడి నా కళ్ల ముందే ఉంది.

పెద్దావిడ దగ్గరికి వెళ్లి, కొడుకు వెళ్లిన రోజు ఎలా వెళ్లాడని అడిగాను. ఎలా వెళ్తాడు, అందరూ వెళ్లినట్టే, ఇంటి ముందు ఆటో ఎక్కి ఆమదాలవలస స్టేషనుకి. కుక్క ఆటో వెనక పరిగెత్తిందట. మలుపు దాకా పోయి వచ్చిందట. అంతా ఆమెకి గుర్తుంది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

చాలాసేపు తడకల మీద చేపలు తిరగేసింది. అప్పుడంది, "మాకు మగోడు ఎల్లిపోయేది సముద్రం మీదకే కదమ్మా. మా ఇంటాయన కోసం నాను అక్కడే నిలబడ్డాను. నాకు ఇంకో దిక్కు తోచనేదు."

ఆమె భర్త చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదని అక్క ఎప్పుడో చెప్పింది. పెద్దావిడే లేచి, వంగలేక వంగి, గుంజ దగ్గర ముడి విప్పింది. కుక్కని ఇంటి ముందుకి తీసుకెళ్లి అరుగు స్తంభానికి కట్టింది. అది రోడ్డు వైపు ముఖం పెట్టి పడుకుంది. తాడు వదులుగా నేల మీద పడి ఉంది. కొన్నాళ్లకి పుండు పూర్తిగా మానింది. ఆ తర్వాత కట్టాల్సిన పని లేకపోయింది. కడుపు నిండిన కుక్క తడకల జోలికి పోలేదు. రోడ్డు పక్కన ఉండేది, అన్నం వేళకి నా గుమ్మంలోకి వచ్చేది, తిని మళ్లీ రోడ్డు పక్కకి వెళ్లేది. నేను ఒరే అంటే తోక ఊపేది. లేచి వచ్చేది కాదు.

ఒకసారి కొడుకు ఫోన్ చేసినప్పుడు పెద్దావిడ ఫోను తీసుకొచ్చి దాని ముందు పెట్టింది. తెరలో ఎండకి నల్లబడ్డ కుర్రాడు, వెనక బోట్లు. "ఒరే, తిన్నావేట్రా?" అన్నాడు. కుక్క లేచి నిలబడింది. ఫోను వాసన చూసింది. ఫోను వెనక్కి వెళ్లి చూసింది. తర్వాత మలుపు దాకా పరిగెత్తి అక్కడే ఉండిపోయింది. ఆ పూట తినలేదు, మర్నాడూ తినలేదు. ఇంకెప్పుడూ ఫోను చూపించొద్దు అనుకున్నాం ఇద్దరం. నా ఫోన్లో అక్క తన గొంతుతో పంపిన మాటలు కొన్ని ఉన్నాయి. మందులు వేసుకున్నావా, బస్సు దొరికిందా, అలాంటివి. అప్పటిదాకా రోజూ పడుకునే ముందు వినేదాన్ని. మానేశాను.

ఇంటి యజమాని రెండుసార్లు కబురు పెట్టాడు. కొన్నాళ్లు ఉంటానని చెప్పాను. కుక్క కోసమని చెప్పలేదు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం, నేను అన్నం కలుపుకుని గుమ్మంలోకి వచ్చేసరికి, ఆటో ఒకటి మలుపు తిరిగి ఆగింది. సంచులతో ముగ్గురు నలుగురు దిగారు. కుక్క లేచింది. పరిగెత్తలేదు. నమ్మకం లేనట్టు నాలుగడుగులు వేసి ఆగింది. మళ్లీ నడిచింది. అందులో ఒకడు సంచి కింద పడేసి రోడ్డు మీదే కూర్చున్నాడు. అప్పుడు అది చేసిన చప్పుడు అంతకు ముందు దాని గొంతులో వినలేదు. పసిపిల్ల ఏడుపుకి దగ్గరగా ఉంది. అతను ఒరే ఒరే అనడం తప్ప ఇంకేమీ అనలేకపోయాడు. తల్లి అరుగు మీద నుంచి, ముందు నన్ను పలకరించొచ్చు కదరా అని కేకేసింది. కేకేస్తూ కళ్లు తుడుచుకుంది.

తిరిగి రావడం గురించి చాలా పుస్తకాల్లో చదివాను. కళ్లతో చూడడం అదే మొదటిసారి. అన్నం గిన్నె పట్టుకుని లోపలికి వచ్చేశాను.

మర్నాడు అతను వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కుక్క అతని కాళ్ల మధ్య ఉంది. తల్లి అంతా చెప్పిందన్నాడు. మెడ మీద వెంట్రుకలు లేని చోట వేలితో రాస్తూ మాట్లాడాడు. "మళ్లీ ఆగస్టులో ఎల్లిపోవాలమ్మా. ఈసారి మీకాడే ఒదిలేసి ఎల్తాను. దానికి మీరలవాటే కదా."

సరే అన్నాను. తొందరపడి అన్నానేమో, అతను నవ్వాడు.

ఆ తర్వాత నాకు రోజులు కొంచెం తేలికగా గడిచాయి. ఎదురు చూడ్డానికి ఆగస్టు ఒకటి దొరికింది. పాత దుప్పటి ఒకటి ఉతికి పెట్టాను. చేపలు వండడం ఇంకా సరిగ్గా రాలేదు, ఆగస్టుకి వస్తుందనుకున్నాను. అతను మళ్లీ వెళ్లాలని నేను కోరుకుంటున్నానని ఒకరోజు తెలిసింది. అతను వెళ్తే అది నా గుమ్మంలో పడుకుంటుంది, రోడ్డు వైపు ముఖం పెట్టి. రెండూ తెలుసు. అయినా కోరుకోవడం ఆగలేదు.

నిన్న పెద్దావిడ గోడ దగ్గరికి పిలిచింది. కొడుకు ఈ యేడు వేరావల్ వెళ్లనంటున్నాడట. భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో కాపలా ఉద్యోగం దొరికిందట. ఉండడానికి రేకుల గది ఇస్తారట. "కుక్కని కూడా తీసుకెల్లిపోతాడంట. కాపలాకి పనికొస్తాదని మేస్త్రీ ఒప్పుకున్నాడంట," అంది. నా ముఖం చూసి, "ఏటమ్మా?" అంది.

మంచిదే అన్నాను. నిజంగానే మంచిది. దానికి ఇంక ఎవరి కోసమూ చూడాల్సిన పని లేదు.

ఈ ఉదయమే అతనూ కుక్కా బయల్దేరారు. వ్యాను వెనక సంచుల మధ్య, అతని మోకాలికి ఆనుకుని కూర్చుంది. నేను ఒరే అన్నాను. చెవి కదిపింది, తల తిప్పలేదు. నాకేమీ కష్టం అనిపించలేదు. అక్క వచ్చి గుమ్మంలోంచి పిలిస్తే నేను కూడా అలాగే వెళ్లిపోయేదాన్ని, ఈ మధ్యలో ఎవరు అన్నం పెట్టారో, ఎవరు పుండు కడిగారో ఒక్కసారి కూడా తలుచుకోకుండా.