గీతకి పక్కగా పడ్డ చుక్క

ప్రసన్న ఏం చదువుతోందని టాటానగర్ రైల్వే కాలనీలో ఎవరైనా అడిగితే, వాళ్లమ్మ చిన్నమ్మి "కెమిస్ట్రీ" అని ఊరుకునేది. అడిగినవాళ్లు ఊరుకునేవారు కాదు.

"అయితే మందులు కనిపెడతాదా?"

"లేదు."

"మరి ఏటి కనిపెడతాదే ఇన్నేళ్లూ? ఈలోగా మా కోడలు ఇద్దర్ని కనీసింది!" అని పక్క క్వార్టరు భీమారావు భార్య పగలబడి నవ్వేది.

ఉండబట్టలేక ఒకరోజు చిన్నమ్మి కూతుర్నే అడిగింది. ప్రసన్న పొయ్యి మీద ఉన్న పప్పు వైపు చూపించింది.

"చింతపండు ముందే ఏసేస్తే ఏటవుతాది?"

"పప్పు ఉడకదు."

"ఎందుకుడకదు? ఎంత ఆలస్యమవుతాది? లోపల ఏ దారిన ఏది మారతాది? అదే అమ్మా నా చదువు. పప్పు కాదు, వేరే పదార్థాలు."

"ఓసి దీనికి పీహెచ్‌డీ ఎందుకే?"

"పోనీ నువ్వు చెప్పు, ఎందుకుడకదో."

చిన్నమ్మి గరిటెతో పప్పు కలిపి చూసింది. ఆ తర్వాత ఎవరు నవ్వినా ఆమె పట్టించుకోలేదు.

ప్రసన్న తండ్రి గోవిందరావు లోకో షెడ్డులో ఫిట్టరు. కూతుర్ని రోజూ పొద్దున్నే స్కూటరు మీద జుగ్సలాయి దాటించి, బిష్టుపూర్‌లో షేర్ ఆటో ఎక్కించి, అప్పుడు డ్యూటీకి పోయేవాడు. షెడ్డులో అందరికీ "మా డాక్టరమ్మ" అని ముందే చెప్పేసుకున్నాడు. బీహారీల ఛఠ్ పండగ దగ్గర పడిన రోజుల్లో ఒక సాయంత్రం గుండె పట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

అప్పటికి ప్రసన్న లాబ్‌లో ఒక ఫ్లాస్కు నడుస్తోంది. నడవడమంటే, ఒకే వేడిలో నిలిపిన నీళ్ల తొట్టెలో దాని లోపలి పదార్థం రోజుల తరబడి నెమ్మదిగా మారుతూ ఉంటుంది. వేళ తప్పకుండా కాస్త తీసి, ఎంత మారిందో మిషన్‌లో చూడాలి. తప్పితే అంతా పోయినట్టే. తోటివాళ్లందరూ పండక్కి ఊళ్లకి వెళ్లిపోయారు.

చితి కాలిన మర్నాడే గైడు సారు ఫోన్ చేశారు. స్పీకరులో చిన్నమ్మి కూడా విన్నది. బాధ అర్థమవుతోంది కానీ ఇక్కడ చూసేవాళ్లెవరూ లేరు, రాకపోతే మొదటికొస్తుంది, నీ ఇష్టం అన్నారు హిందీలో. ఆయన ఆ పండక్కి ఊళ్లోనే ఉన్నారని, లాబ్‌కి నాలుగు అడుగుల దూరంలోనే ఆయన ఇల్లని చిన్నమ్మికి తర్వాతెప్పుడో తెలిసింది. తెలిసిన రోజున ఆమె చేతిలో గిన్నె నేలకేసి కొట్టింది.

పలాస నుంచి వచ్చిన మరిది సోమేశ్వరరావు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "మైల తీరకుండా ఆడపిల్ల గడప దాటుతాదేటి వదినా? నలుగురూ ఏటనుకుంటారు?"

చిన్నమ్మి లేచి అతని ఎదుటికి వచ్చింది. "దాన్ని రోజూ బండి మీద దింపిన మనిషి ఇప్పుడుంటే ఆపీవోడా? తప్పుకో బాబూ."

భీమారావు ఇంటి నుంచి వచ్చిన అన్నమే డబ్బాలో సర్దింది. చేతులు వణికి మూత పట్టలేదు. ప్రసన్న డబ్బా తీసుకుని, ఒక్క నొక్కుతో మూత బిగించి, బయల్దేరింది. ఫ్లాస్కు పని తీరేదాకా రోజూ వెళ్లింది. వచ్చిన ప్రతిసారీ పెరట్లో కుళాయి కింద తలస్నానం చేస్తే గానీ లోపలికి రానివ్వలేదు మరిది. పెద్దదినం దాకా ఆ పిల్లతో మాట్లాడలేదు.

తీరా గ్రాఫు గీసి చూస్తే, మిగతా పదార్థాల చుక్కలన్నీ ఒక తిన్నని గీత మీద కూర్చున్నాయి. ఈ ఫ్లాస్కుది మాత్రం గీతకి దూరంగా పడింది. ఆ చుక్క పాడైపోయింది, ఇంట్లో చావు వల్ల జరిగిన పొరపాటని థీసిస్ పుస్తకంలో రాసెయ్ అన్నారు సారు. ప్రసన్న అదే పని మళ్లీ చేసింది, ఆపైన ఇంకోసారి చేసింది. చుక్క అక్కడే పడింది.

"తప్పు కాదమ్మా అది. మిగతావన్నీ ఒక దారిన మారితే ఇదొక్కటీ వేరే దారిన మారతంది. మా చదువులో అలాంటిది దొరకడమే గొప్ప. సార్ దేఖ్‌తే హీ నహీ, చూడనే చూడరు."

"మరి రాసేసేవా, పొరపాటని?"

"రాయకపోతే సంతకం పెట్టరు."

చిన్నమ్మి ఆ పూట అన్నం ముట్టలేదు. తమ ఇంటి చావుని వాడుకుని తన బిడ్డ కష్టాన్ని తుడిచేస్తున్నారని ఒకటే మంట.

డిగ్రీకి ముందు జరిగే చివరి పరీక్ష, వైవాకి ఎవరైనా రావచ్చట, చివర్లో అందరికీ తిండి పెట్టడం చదివినవాళ్ల ఇంటి వంతట. చిన్నమ్మి పెద్ద డబ్బా నిండా గారెలు తెచ్చి వెనక వరసలో కూర్చుంది. మాటలన్నీ ఇంగ్లీషులో. పరీక్ష చెయ్యడానికి వేరే ఊరి నుంచి వచ్చిన పెద్ద మేడమ్ తెర మీద ఆ చుక్క దగ్గరే వేలు పెట్టింది. ప్రసన్న నోరు తెరిచేలోపు సారు నవ్వుతూ అందుకున్నారు. "బేచారీ! పితాజీ గుజర్ గయే థే, హాథ్ కాంప్ గయా హోగా."

తండ్రి పోయాడు పాపం, చెయ్యి వణికి ఉంటుందట! చిన్నమ్మి లేచి నిలబడింది. వచ్చిన కాస్త బజారు హిందీలోనే అంది.

"ఫోను చేసి రమ్మన్నది మీరే కదా సార్! ఆ రోజు చెయ్యి వణికింది నాది. దానిది కాదు. మా ఆయన చావుని ఇందులోకి లాగకండి."

"ఆంటీజీ, బైఠియే..." అన్నారెవరో. ఆమె కూర్చోలేదు.

"ఈ ప్రయోగం మళ్లీ చేశావా?" అని మేడమ్ కూడా హిందీలోనే ప్రసన్నని అడిగింది. ప్రసన్న తెర మార్చింది. మూడు చుక్కలు, ఒకదాని మీద ఒకటి పడ్డట్టే ఉన్నాయి.

"మరి పుస్తకంలో పొరపాటని ఎందుకుంది?"

ప్రసన్న సారు వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. అప్పుడు చిన్నమ్మి కూర్చుంది.

డిగ్రీ ఇవ్వొచ్చన్నారు. ఆ వాక్యం మాత్రం కొట్టేసి, వేరే దారి సంగతి వివరంగా రాసి, గైడు సంతకంతో కొత్త పేజీ పెట్టాలన్నారు.

గారెల దగ్గరకి సారు కాగితం ప్లేటు పట్టుకుని వచ్చారు. "ఆంటీజీ, మీరు అపార్థం చేసుకున్నారు," అన్నారు నవ్వుతూ. చిన్నమ్మి రెండు గారెలు వేసి, వెనకవాళ్లకి వడ్డించింది.

షేర్ ఆటోలో ప్రసన్న తల్లి భుజం మీద తల ఆనించి, "ఛోడో నా మమ్మీ, హో గయా, అయిపోయింది కదా," అంది.

"నువ్వు వదిలీ. నేను వదల్ను. ఆ కొత్త కాయితం మీద ఆయన సంతకం పెట్టిన రోజు నాకు చెప్పు. మళ్లీ గారెలు వండుతాను."

"అందరికీనా?"

"ఆయనకి తప్ప."