ఆ జీను అమ్ముతావా?

ఆర్లో టిబ్బెట్స్ మా ఊళ్ళో ఎవరికి ఎదురుపడినా "బాగున్నావా?" అని అడిగిన పాపాన పోలేదు. టోపీ కాస్త వెనక్కి నెట్టి, ఎడమ కన్ను చికిలించి, "ఆ జీను అమ్ముతావా?" అనేవాడు. పాత గుర్రపు జీన్లు కొని, బాగుచేయించి, అమ్మడం అతని వ్యాపారం. బాగుచేసే మనిషిని నేను. ఇరవై రెండేళ్ళు అతని కొట్టు వెనక గదిలో తోలు కుట్టే ఆరె, మైనపు దారం పట్టుకుని కూర్చున్నాను. ఆ ప్రశ్న విన్నన్నిసార్లు నేను చర్చిలో ప్రార్థన కూడా వినలేదు.

సమయం, సందర్భం అనేవి ఆ మనిషికి లేవు. గన్నర్ ట్వైట్‌కి తొలిచూలు బిడ్డ పుట్టి, చర్చిలో పేరు పెట్టే రోజున ఊరంతా వరసగా వెళ్ళి చూసి వస్తున్నాం. ఆర్లో కూడా వెళ్ళాడు. దుప్పటి తొలగించి పసిదాని మొహం తేరిపార చూశాడు.

"అచ్చం నీ ముక్కే" అన్నాడు గన్నర్‌తో. గన్నర్ మురిసిపోయాడు.

"ఇక నీకు రాత్రిళ్ళు నిద్ర ఉండదు, పగలు గుర్రమెక్కే ఓపికా ఉండదు. ఆ జీను అమ్ముతావా?"

పాస్టరు గారు గట్టిగా దగ్గారు. ఆర్లో ఆయన వైపు తిరిగి, "మీకు జీను లేదు కదండీ, మీరెందుకు దగ్గుతారు?" అన్నాడు.

ఇంకోసారి జూలైలో జరిగే గుర్రపు స్వారీ పోటీల్లో గుర్రం విసిరికొడితే ఒకతను వెళ్ళి కంచె పక్కన పడ్డాడు. డాక్టరు కంటే ముందు ఆర్లో పరుగెత్తాడు. ఎంతైనా మనసున్నవాడేనని నేను నా పక్కావిడతో అంటూనే ఉన్నాను. వెళ్ళి, వంగి, అతని డొక్క మీద చెయ్యి వేసి చూశాడు. "మూడు ఎముకలు పోయినట్టున్నాయి. ఆరు వారాలు ఎలాగూ ఖాళీయే. ఆ జీను..." అనబోయాడు. ఊపిరాడని మనిషి అంత పెద్ద బూతు తిట్టగలడని నాకు ఆ రోజే తెలిసింది.

హాల్వర్ తాత పోయినప్పుడు సమాధి దగ్గరే ఆయన ముసలి భార్యను అడిగాడు. ఆవిడ చేతిలో ఉన్న పాటల పుస్తకంతో అతని నెత్తిన ఒక్కటిచ్చింది. అట్ట ఊడిపోయింది. మర్నాడు ఆ పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టి, "కాస్త కుట్టిపెట్టు వెర్నా" అన్నాడు.

"జీను ఇచ్చిందా?"

"పుస్తకం ఇచ్చిందిగా. అదో మొదలు."

ఇది ఇంకో ఊళ్ళో అయితే వట్టి మొరటుతనం. మా తూర్పు మోంటానాలో అది చాలా పెద్ద మాట. మా దగ్గర మనిషి పశువులను అమ్ముకోవచ్చు, భూమి అమ్ముకోవచ్చు, ఎక్కే గుర్రాన్ని కూడా అమ్ముకోవచ్చు. జీను మాత్రం అమ్ముకోడు. "వాడు జీను అమ్ముకున్నాడు" అంటే ఆ మనిషి పని అయిపోయిందని అర్థం. ఆ మాట పడ్డవాడు మళ్ళీ కాఫీ హోటల్లో తలెత్తుకుని కూర్చోలేడు. అలాంటి చోట ఈ మహానుభావుడు పొద్దున్న లేచి కనిపించిన ప్రతివాణ్ణీ జీను అమ్ముతావా అని అడిగేవాడు. మొదటి ఏడాది రెండుసార్లు పళ్ళు రాలగొట్టారట. తరవాత తరవాత అందరికీ అలవాటైపోయింది. వాన పడేలా ఉందా అన్నట్టే అదీనూ.

కొనడానికి ఇంత పడిచచ్చేవాడు, అమ్మడానికి మాత్రం ఒక పట్టాన వంగేవాడు కాదు. డెన్వర్ నుంచి ఒకాయన మెరిసే బూట్లేసుకుని వచ్చి, తన సారాకొట్టులో కూర్చునే బల్లలకు బదులుగా జీన్లు బిగిస్తానని, ఆరు కావాలని అన్నాడు. జీను ముందు కొమ్మును తొడకు ఆనించి, వెనక అంచును రెండు చేతులా నొక్కి చూస్తాం మేము. లోపలి కొయ్య విరిగితే మధ్యలో వంగుతుంది, అలాంటిది గుర్రం వీపును పాడుచేస్తుంది. ఆర్లో ఆరింటినీ అలా నొక్కి, ఆరింటికీ మొహం వేలాడేసి, "అయ్యో, కొయ్య విరిగింది" అన్నాడు.

"మేం గుర్రానికి కట్టం కదండీ, విరిగినా ఫర్వాలేదు."

"తాగినవాడి వీపు మాత్రం వీపు కాదా?"

వాటి కుట్లు నేనే వేశాను. ఆరింటిలో ఒక్కదానికీ కొయ్య విరగలేదు. ఈ ముసలాడు కొనడమే గానీ అమ్మడం తెలియని జబ్బు మనిషని ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పి నవ్వాను.

ఆ తరవాత వరసగా రెండేళ్ళు వాన లేదు. గడ్డి పోయింది, గడ్డితో పశువులు పోయాయి. రెండో వేసవిలో ఒకరోజు ఆర్లో భుజాన ఒక జీను వేసుకుని, కొట్టుకు రాకుండా నేరుగా రూత్ కాఫీ హోటల్‌కి వెళ్ళి బల్ల మీద దభీమని పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను. అది గన్నర్ జీను.

"చూశారా! ఏడేళ్ళు వెంటపడ్డాను. వాడి బిడ్డ నామకరణం నాడు మొదలెట్టాను. ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. ఇవాళ పడ్డాడు!" అని గెలిచినవాడిలా అరిచాడు.

"పాపం గన్నర్! ఆ జలగ పోరు పడలేక ఇచ్చేశాడు" అంది రూత్. అందరూ అవునవునన్నారు. ఎవరో ఆర్లో మీదికి రొట్టెముక్క కూడా విసిరారు. ఆ ఏడాది ఇలా తొమ్మిది జీన్లు ఆ బల్ల మీద పడ్డాయి. తొమ్మిదిసార్లూ రూత్ అదే మాట అంది. జలగ, రాబందు, శవాల దగ్గర కాపలా నక్క అని నేను అతని మొహం మీదే తిట్టాను. "దారం బిగించి లాగు, నోరు కాదు" అనేవాడు.

మూడో ఏడాది మా వంతు వచ్చింది. మా ఆయన ఐనర్‌కి కడుపులో పుండన్నారు, తరవాత పుండు కాదన్నారు. నలభై ఏళ్ళు గుర్రం మీద బతికిన మనిషి, కిటికీ పక్క మంచంలో ఖాళీ దొడ్డి వైపు చూస్తూ పడుకునేవాడు. పశువులు లేవు, ట్రక్కు తప్ప అమ్మడానికి వస్తువు లేదు, ట్రక్కు లేకపోతే బిల్లింగ్స్ ఆస్పత్రికి వెళ్ళే దారి లేదు. నడవలో అతని జీను ఉంది. మేమిద్దరం దాని గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడుకున్నాం.

చివరికి ఒక పొద్దున గోడవైపు తిరిగి, "నువ్వే తీసుకెళ్ళు వెర్నా. నేను చూడలేను" అన్నాడు. ఆగి, "జనం ఏమంటారో నాకు తెలుసు. నేను పోయేదాకా నా చెవిన వెయ్యకు" అన్నాడు.

ఆయన చావుకి నేనప్పటికే గుండె రాయి చేసుకున్నాను. ఈ మాటకి మాత్రం తట్టుకోలేకపోయాను. జీను మీద బొంత కప్పి, ట్రక్కులో వేసుకుని, దొంగలా కొట్టు వెనక గుమ్మం దగ్గర ఆపాను. ఆర్లో బయటికి వచ్చి బొంత అంచు ఎత్తి చూశాడు. మళ్ళీ కప్పేశాడు.

"ఇది నేను కొనను. ఇంటికి తీసుకుపో."

"ఏమన్నావ్?"

"కొననన్నాను. వెనక గుమ్మంలోంచి వచ్చిన సరుకు నేను కొనను."

"పందొమ్మిదేళ్ళు! పందొమ్మిదేళ్ళు కాకిలా పొడుచుకు తిన్నావు కదరా ఆయన్ని! ఇవాళ నేను నోరు తెరిచి అడుగుతుంటే..." చేతికందిన తోలుముక్క అతని మొహాన కొట్టాను. తప్పుకోలేదు. దులుపుకుని లోపలికి పోయాడు. దారంతా ఏడుస్తూ ఇంటికొచ్చి, చప్పుడు కాకుండా జీనుని నడవలో దాని చోట పెట్టాను. ఐనర్ అడగలేదు, నేను చెప్పలేదు.

మర్నాడు పది గంటలకు తలుపు చప్పుడైంది. ఆర్లో. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నా వైపు చూడనైనా చూడకుండా మంచం దగ్గరికి వెళ్ళి, టోపీ వెనక్కి నెట్టి, ఎడమ కన్ను చికిలించాడు.

"ఐనర్, ఆ జీను అమ్ముతావా?"

నేను పొయ్యి దగ్గర కొయ్యబారిపోయాను. ఐనర్ మెల్లగా తల తిప్పి అతన్ని చూశాడు, నన్ను చూశాడు, నడవలోకి చూశాడు. మూడు వారాల్లో మొదటిసారి ఆయన మోచేతుల మీద లేచి కూర్చున్నాడు.

"సిగ్గులేదట్రా నీకు? చావబోయేవాడి మంచం దగ్గరికొచ్చి?"

"సిగ్గుంటే ఈ వ్యాపారం చేస్తానా?"

"పోరా! నీకిచ్చే కంటే ఏట్లో పారేస్తా."

"ఏరు ఎండిపోయింది. రేపొస్తాను."

మర్నాడు వచ్చాడు. మళ్ళీ తిట్లు. ఆ పూట ఐనర్ సగం గిన్నె పులుసు తాగాడు, తిట్టడానికి ఓపిక కావాలట. మూడోనాడు ఇద్దరూ గంటన్నర బేరమాడుకున్నారు. ఆర్లో కొయ్య విరిగిందన్నాడు, ఐనర్ నీ తల విరుగుతుందన్నాడు, నవ్వి నవ్వి దగ్గొచ్చి నేను నీళ్ళు పట్టాల్సి వచ్చింది. ఆఖరికి "తీసుకుపో, నీ పీడ వదిలిపోతుంది" అన్నాడు. ఆర్లో జీను భుజాన వేసుకుని గుమ్మం దాటుతుంటే పిలిచాడు.

"ఒరేయ్ ఆర్లో! రూత్ దగ్గర సరిగ్గా చెప్పు. పందొమ్మిదేళ్ళని చెప్పు."

"గొంతు చించుకుని చెప్తా."

చెప్పాడు. పాపం ఐనర్, ఆ జలగ పోరు పడలేక ఇచ్చేశాడని ఊరంతా అనుకుంది. ఆ మాట నేనే ఐనర్ చెవిన వేశాను. ఆయన కళ్ళు మూసుకుని నవ్వాడు. ఇరవై ఆరు రోజుల తరవాత పోయాడు. జీను అమ్ముకున్నవాడిలా పోలేదు. ఆ జీను కొంటానని పక్క లోయలో గుర్రమెక్కి పశువులు కాసే ఒక పిల్ల వస్తే ఆర్లో కొయ్య విరిగిందనలేదు, అమ్మాడు. రికాబు పట్టీలు ఆమె కాళ్ళకు సరిపడా కురచ చేసింది నేనే.

అప్పుడు గాని ఈ మొద్దు బుర్రకి ఎక్కలేదు. అవసరం వచ్చిన తొమ్మిది మంది దగ్గరికి అవసరం తనదైనట్టు వెళ్ళాలంటే, అవసరం లేని తొంభై మందినీ ఏళ్ళ తరబడి అడుగుతూ ఉండాలి. పళ్ళు రాలగొట్టించుకోవాలి, పాటల పుస్తకంతో కొట్టించుకోవాలి, నాలాంటిదాని చేత రాబందు అనిపించుకోవాలి. ఈ సంగతి ఒకసారి అతనితో అనబోయాను. "దారం బిగించి లాగు" అన్నాడు.

నిరుడు ఆర్లోకి చూపు పూర్తిగా పోయింది. స్పోకేన్ నుంచి అతని చెల్లెలు విన్‌ఫ్రెడ్ తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆవిడది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కొట్టు ఖాళీ అయింది. మిగిలింది ఒక్కటే, కిటికీలో ఉండే అతని సొంత జీను. పడుచువాడిగా పదకొండేళ్ళు పశువుల వెంట తిరిగింది దాని మీదే. రెండు రోజులు దాని కొమ్ము మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. జన్మంతా కొంటానని అన్నాడే గానీ, కొనుక్కోండి అనడం ఆ నోటికి రాదు. ఇన్నేళ్ళలో అతన్ని జీను అమ్ముతావా అని అడిగినవాడు కూడా లేడు.

నేను ఆరె కింద పెట్టి, వెనక గుమ్మంలోంచి బయటికెళ్ళి, కొట్టు చుట్టూ తిరిగి, ముందు తలుపు గంట మోగేలా లోపలికొచ్చాను.

"ఆర్లో, ఆ జీను అమ్ముతావా?"

ఆర్లో నిటారుగా కూర్చున్నాడు.

"సిగ్గులేదటే నీకు? కళ్ళు పోయినవాడి దగ్గరికొచ్చి?"

"సిగ్గుంటే నీ దగ్గర ఇన్నేళ్ళు పని చేస్తానా?"

"ఇవ్వను. పో."

"రేపొస్తాను."

"రేపేమిటి? ఇవాళే బయల్దేరాలి!" అంది విన్‌ఫ్రెడ్.

"నువ్వుండవే, బేరం నడుస్తోంది!" అని ఆర్లో కసిరాడు. ఆవిడ కారులోంచి పెట్టెలు దింపుకుంది.

రెండోనాడు జీనుని తొడకు ఆనించి నొక్కి, "అయ్యో, కొయ్య విరిగింది" అన్నాను. "విరిగేది నీ నడుం! గుడ్డివాణ్ణి చేసి ఆడుకుంటావా?" అని వీధి చివరికి వినబడేలా అరిచాడు. మూడోనాడు ఇచ్చాడు. కారెక్కాక కిటికీ అద్దం దించి, నేనున్న చోటు కాక పక్కనున్న స్తంభం వైపు తిరిగి, "వెర్నా, రూత్ దగ్గర సరిగ్గా చెప్పాలి" అన్నాడు.

"గొంతు చించుకుని చెప్తా" అన్నాను. స్తంభం వైపే తల ఊపాడు.

కారు మలుపు తిరిగాక కాసేపు ఏడ్చాను. ఏడ్చి, మొహం తుడుచుకుని, జీను భుజాన వేసుకుని కాఫీ హోటల్‌కి వెళ్ళి బల్ల మీద దభీమని పెట్టాను. కప్పులు ఎగిరిపడ్డాయి. అందరూ ఆ జీనుని గుర్తుపట్టారు.

"చూశారా! ఎంత ప్రాణం తోడేశానో! ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. ఇవాళ పడ్డాడు!" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

మూలన గన్నర్ ట్వైట్ కాఫీ కప్పులోకే చూస్తున్నాడు. తల ఎత్తకుండానే గట్టిగా, హోటలంతా వినేలా అన్నాడు.

"పాపం ఆర్లో! ఆ వెర్నా పోరు పడలేక ఇచ్చేశాడు."

"అవునవును" అంది రూత్. అని, నా మీదికి ఒక రొట్టెముక్క విసిరింది.