ఎడమ రెక్క బరువు

నా విమానం ఎప్పుడూ ఎడమ పక్కకే పడేది. తప్పు నాది కాదని, సముద్రపు గాలిదని అందరికీ చెప్పేవాణ్ణి. మధురవాడ వెనక ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్లలో, ఆదివారాలు మేం నలుగురం రిమోట్‌ విమానాలు ఎగరేస్తాం. మిగతా ముగ్గురివీ అదే గాలిలో హాయిగా తిరిగేవి. అయినా నేను నా మాట మీదే ఉండేవాణ్ణి. "ఏటి బావా, ఈయాల కూడా ఎడం పక్కకేనా?" అని వాళ్లు అడిగితే, ఆకాశంకేసి చూసి పెద్ద తెలిసినవాడిలా తల పంకించేవాణ్ణి.

పడ్డప్పుడల్లా ఎడమ రెక్క విరిగేది. ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి అతికేవాణ్ణి. స్టీలు ప్లాంటు మెయింటెనెన్సులో జుట్టు నెరిసినవాణ్ణి, నేను అతుకు వేస్తే అక్కడ మళ్లీ విరగకూడదు. రెండు ట్యూబుల బంక కలిపి మందంగా పట్టించి, లోపల వెదురు పుల్ల దూర్చి, పైన టేపు చుట్టేవాణ్ణి. నిజంగానే అక్కడ విరగలేదు. దాని పక్కన విరిగేది. అక్కడా అదే వైద్యం.

మా ఆవిడ బాధ టేబుల్ గురించి కాదు, ఆదివారాల గురించి. చర్చి అయ్యాక గోపాలపట్నంలో వాళ్లమ్మగారింట్లో మా భోజనం. నేను చర్చికి ఎగనామం పెట్టి ఎండలో ముక్కలు ఏరుకుంటుంటే, ఆవిడ ఒక్కతే వెళ్లి మా ఆయనకి ఒంట్లో బాగోలేదని చెప్పేది. ఓ శనివారం మధ్యాహ్నం విసిగిపోయింది. ప్రార్థన చేసిన నోటితో ఇక అబద్ధం ఆడలేనంది. రేపు పడిందా, విమానం అటకెక్కాలి, నా ఆదివారాలన్నీ వాళ్లమ్మవి. సరేనన్నాను. అనక చస్తానా? మా అత్తగారు మంచావిడే గానీ, నా రోగాల మీద ఆవిడ దగ్గర ఈపాటికి చాలా ప్రశ్నలు పోగుపడి ఉంటాయి.

భయం వేసింది. అప్పుడు చేశాను, మొదట్లోనే చేయాల్సిన పని. ముక్కు బరువా, తోక బరువా అని వేళ్ల మీద నిలబెట్టి చూసుకున్నానే గానీ, ఏ రెక్క బరువో ఏనాడూ చూళ్లేదు. ముక్కుకో దారం, తోకకో దారం కట్టి, బాల్కనీలో బట్టలారేసే తీగకి వేలాడదీసి వదిలాను. ఎడమ రెక్క నింపాదిగా కిందికి దిగింది. గాలి మీదికి నెడదామంటే ఆ మధ్యాహ్నం ఆకు కదలడం లేదు.

నేను పూసిన బంకంతా అక్కడే ఉంది. పడిందని అతికాను, అతికానని పడింది. ఇన్నాళ్లూ ఆ విమానాన్ని కూల్చింది నేనే, అదీ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని.

మా ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. గాజుకి వేలాడుతున్న పిన్నీసు ఒకటి తీసి ఇచ్చింది. కుడి రెక్క చివర టేపుతో అంటించాను. చాల్లేదు. ఇంకొకటి ఇచ్చింది. గాజుల మీది పిన్నీసులన్నీ అయిపోయేసరికి రెక్కలు రెండూ సమంగా నిలిచాయి. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.

మర్నాడు ఆవిడ చర్చి నుంచి నేరుగా లేఅవుటుకే వచ్చింది, తీర్పు చూడ్డానికి. విమానాన్ని విసిరాను. ఎటూ ఒరగకుండా గీత గీసినట్టు పోయింది. చూశావా అన్నట్టు ఆవిడకేసి చూశాను. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. అప్పుడు తట్టింది, దీన్ని దించడం నాకు రాదని. ఇన్నాళ్లూ దానంతటదే దిగేది.

ఏదో చేశాను. పోయి ప్లాటు హద్దురాయికి కొట్టుకుంది. ఈసారి విరిగింది కుడి రెక్క.

ముక్కలు పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను, ఆదివారాలు అప్పజెప్పడానికి. ఆవిడ కుడి రెక్కని తిప్పి తిప్పి చూసింది. పిన్నీసులు ఒక్కొక్కటే ఊడదీసి గాజులకి తగిలించుకుంది.

"దీనికి కూడా అంతే బంక ఎట్టీండి, సరిపోద్ది," అంది. "ముందు పదండి, అమ్మ సూస్తంటాది. ఈయాల మీకు ఒంట్లో బాగుందని పొద్దున్నే చెప్పీసాను."