తులసత్త పెరట్లోకి వచ్చిన తీతువు

పలాస స్టేషన్లో రైలు దిగగానే నన్ను ఇప్పటికీ ముందుగా పలకరించేది చుట్టాలు కాదు, జీడిపిక్కలు కాల్చే పొగ. గొంతు గీరే ఆ ఘాటుకి పక్కనున్న ప్రయాణికులు ముక్కులు మూసుకుంటారు గానీ, నాకు మాత్రం ఆ పొగ వెనకాల ఎక్కడో అదే చెట్టు పూతకొచ్చినప్పటి వాసన తగులుతుంది. మాఘం వెళ్ళేవేళ తెల్లవారుజాము మంచులో తడిసిన జీడిపూత, సముద్రం మీంచి వచ్చే ఉప్పు తేమ, మా నాన్న మఫ్లరుకి పట్టిన కలరా ఉండల కంపు, అన్నీ కలిసి నన్ను తీసుకెళ్ళి టెక్కలిలో మేమున్న కాలేజీ క్వార్టర్ల ముందు నిలబెడతాయి. రెండువేల సంవత్సరం అటూ ఇటూ, నాకు పదేళ్ళుండే రోజులవి.

నాన్న ఆ కాలేజీలో లైబ్రేరియన్. చెదపురుగుల్ని తప్ప ప్రాణమున్న దేన్నీ శ్రద్ధగా చూసి ఎరగడు. అటువంటి మనిషి ఆదివారం పూట చీకటితోనే లేచి, నన్నూ లేపి, పిట్టల్ని చూడ్డానికి బయల్దేరేవాడంటే ఆ పుణ్యమంతా పక్క క్వార్టరులో ఉండే ఢిల్లేశ్వరరావు మాస్టారిదే. ఆయన చెప్పేది వృక్షశాస్త్రం. చెట్ల పాఠం చెప్పే ఆయనకి చెట్ల మీద వాలేవాటి మీదే ధ్యాసని విద్యార్థులు నవ్వుకునేవారు. ఉద్దానంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరు వాళ్ళది. చలి శివశివా అంటూ వెళ్ళిపోయిన దగ్గర్నుంచి వేసవి సెలవులు ఇచ్చేదాకా, ప్రతి ఆదివారం ఆయన వెనకాల ఒక గుంపు నడిచేది. కొందరు విద్యార్థులు, ఒకరిద్దరు లెక్చరర్లు, క్వార్టర్ల పిల్లలం, ప్రార్థనకి వేళ మించకుండా తిరిగి వచ్చేయాలని దారి పొడుగునా గుర్తుచేసే హాస్టలు వార్డెను రూతమ్మగారు.

కాలేజీకి రోడ్డు వైపు మాత్రమే గోడ ఉండేది, మిగతా మూడు పక్కలా ముళ్ళకంచె, కంచెలో మేకలు చేసుకున్న దారులు. లోపల సరుగుడు తోపు, పనసచెట్లు, జీడితోట, వాటి అవతల గులకరాళ్ళు తేలిన ఖాళీ మైదానం. మాస్టారి దగ్గర ఒకే ఒక్క బైనాక్యులర్ ఉండేది, దాని తోలు పట్టీ తెగిపోతే కొబ్బరితాడు కట్టారు. అది చేతులు మారి మారి నా దాకా వచ్చేసరికి పిట్ట ఎగిరిపోయేది, నాకు నా కనురెప్పల వెంట్రుకలే కనిపించేవి. నడకకి ఒక కట్టడి ఉండేది. వేలు పెట్టి చూపించకూడదు. "పనసకి కొండ పక్క", "రెండో తాడికి సముద్రం పక్క" అని గుసగుసగా చెప్పాలి. పిట్ట కనబడగానే మాస్టారు పుస్తకంలో పేరు చెప్పేసేవారు కాదు, ముందు "మీ ఊళ్ళో దీన్నేటంటారు?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. గేదె వీపెక్కి ఊరేగే నల్ల పిట్టని పసుల పోలిగాడని ఒకరంటే, ఏట్రింతని ఇంకొకరు పట్టుబట్టేవారు. ఆ వాదన తెమిలేలోపు పోలిగాడు దిగి, వేరే గేదెనెక్కి వెళ్ళిపోయేవాడు.

కంసాలి పిట్ట ఎండెక్కేదాకా టుక్కు టుక్కుమంటూ ఎవరి పెళ్ళికో నగలు చేస్తూనే ఉండేది. సరుగుడు తోపు మీదుగా నౌపడ ఉప్పుమడుల వైపు కొంగలు బారులు తీరి పోయేవి. నడక అయ్యాక లేబరేటరీ మెట్ల మీద కూర్చుంటే తులసత్త పెద్ద పళ్ళెంలో మురీలు, అదే మరమరాలు, కొబ్బరి ముక్కలు, బెల్లం తెచ్చి పెట్టేది. తులసమ్మ మాస్టారి భార్య. ఆయనకి మేనత్త కూతురు కూడాను, ఆ చనువుతో, మా వైపు అలవాటుగా, పదిమందిలోనైనా ఆయన్ని మావా అనే పిలిచేది. మాతో నడకకి మాత్రం ఒక్కసారీ రాలేదు. పిట్టలు చూసి వచ్చినవాళ్ళకి ఆకలెందుకు వేస్తుందో తనకి అర్థం కాదని, కడుపు నింపని చూపులు తనకెందుకని దెప్పుతూనే, పళ్ళెం ఖాళీ అయితే లోపలికెళ్ళి మళ్ళీ నింపుకొచ్చేది.

ఆ ఏడు మాస్టారి కాళ్ళు వాచాయి. ఉద్దానంలో ఆ మాట వింటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. కిడ్నీలు పోయాయన్నమాట. అంతకుముందే వాళ్ళ నాన్నా, అన్నా అలాగే వెళ్ళిపోయారు. ఎందుకొస్తుందో డాక్టర్లు తేల్చి చెప్పలేకపోయారు గానీ, ఊళ్ళో అందరూ నూతినీళ్ళనే అనుమానించేవారు. మాస్టారు నౌపడలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవారు. నీళ్ళు గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. ఆదివారం నడక మాత్రం మానలేదు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే గుంపంతా ఆయన అడుగుకి తగ్గట్టు మెల్లగా నడవడం నేర్చుకుంది. దగ్గరి పిట్టలతోనే సరిపెట్టుకునేవాళ్ళం.

సరిగ్గా అప్పుడే మైదానంలో, వాళ్ళ పెరటికి ఎదురుగా, తీతువు గుడ్లు పెట్టింది. తీతువు గూడు కట్టదు, గులకరాళ్ళ మధ్యన నేల మీదే పెట్టేస్తుంది. దాని అరుపు ఇంటి దగ్గర వినబడితే ఆ ఇంట చావు తప్పదని మా వైపు పెద్దాచిన్నా అందరి నమ్మకం. పైగా ఈ తీతువు దూరాన అరిచి ఊరుకోలేదు. మిట్టమధ్యాహ్నం వేళ పసుపుపచ్చని పొడుగు కాళ్ళేసుకుని తులసత్త పెరటి గుమ్మం దాకా నడిచి వచ్చేది. మావగారూ బావగారూ పోయినప్పుడు కూడా ఇలాగే అరిచిందని, ఇప్పుడు ఇల్లు గుర్తుపట్టి లోపలికి తొంగి చూసి పోతోందని తులసత్త మా అమ్మ దగ్గర కళ్ళొత్తుకునేది. నిద్ర మానేసింది. కర్ర పట్టుకుని పెరటి గుమ్మంలోనే కూర్చునేది. గుడ్లు తీసి పారేయించమని మాస్టారిని బతిమాలింది.

ఆ ఆదివారం మెట్ల మీద పళ్ళెం మాకందించి, మా అందరి ఎదుటా మళ్ళీ అడిగింది. మాస్టారు తన వాచిన పాదాలకేసి చూసుకున్నారు.

"నీ మనసు కుదుటపడతాదంటే తీసేద్దాం తులసీ. అయి మళ్ళీ పెట్టుకుంటాయిలే" అన్నారు.

 పిచ్చుక గూటికి నిచ్చెన వేయనివ్వని మనిషి ఆ మాట అనడం నాకు నచ్చలేదు. ఆయన చేత అనిపించినందుకు తులసత్త మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఒకరి బతుకు మీద బెంగ పట్టుకుంటే మనుషులు ఎంతకైనా దిగుతారని తెలిసే వయసు కాదు.

తులసత్త గంప పట్టుకుని ముందు నడిచింది, మేమందరం వెనకాల. అప్పటికే ఎండ ముదిరి రాళ్ళు కాలుతున్నాయి. తీతువు మమ్మల్ని చూసి లేచి, నెత్తి మీంచి దూసుకుపోతూ ఒకటే అరుపు. గుడ్లు కళ్ళెదుటే ఉన్నా తులసత్తకి కనబడలేదు, అచ్చం గులకరాళ్ళలాగే ఉన్నాయి. కాస్త వెనక్కి తగ్గితే అదే వచ్చి చోటు చూపిస్తుందని మాస్టారు అందర్నీ కంచె వారకి లాగారు.

తీతువు తిన్నగా గుడ్ల దగ్గరికి రాలేదు. తులసత్త పెరటి వైపు పోయింది. అంట్లు తోమిన నీళ్ళు నిలిచిన గుంటలో దిగి, పొట్ట ఆనించి కూర్చుంది. అటూ ఇటూ కదిలి ఈకలు బాగా తడుపుకుంది. తరవాత గబగబా పరుగెత్తుకొచ్చి, కాలే రాళ్ళ మధ్య ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి లేచి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తడుపుకొచ్చింది.

"నీళ్ళకేటి అదొత్తన్నాది?" అంది తులసత్త.

"నీళ్ళకే. ఎండకి గుడ్లు ఉడికిపోతాయని సల్లార్సుకుంటన్నాది" అన్నారు మాస్టారు.

తులసత్త గంప చంకన పెట్టుకుని అలాగే నిలబడింది. రోజూ మధ్యాహ్నం తడిగుడ్డలు పిండి పిండి మాస్టారి కాళ్ళ మీద వేసే చేతులవి. కొంగుతో మొహం తుడుచుకుని ఖాళీ గంపతో ఇంటికెళ్ళిపోయింది. ఆ పూటనుంచి అంట్ల గుంట ఎండనివ్వలేదు. అరుపు వినబడితే ఉలిక్కిపడేది, ఆ భయం ఎక్కడికి పోతుంది? ఉలిక్కిపడుతూనే లేచి బకెట్టెడు నీళ్ళు తెచ్చి పోసేది.

ఉగాది వెళ్ళిన ఆదివారం పిల్లలు లేచాయి. పుట్టిన పూటే రాళ్ళ మధ్య పరుగులు పెట్టే గోధుమరంగు ఉండలు. మాస్టారు వాటిని పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునే చూశారు, అంతకు మించి నడవలేకపోయారు. ఆ ఒక్క ఆదివారం నడక ఆయన దగ్గరికే వచ్చింది. గుంపంతా పెరట్లో చతికిలబడితే తులసత్త ఆయన కుర్చీ పట్టుకుని నిలబడి, "నందివర్ధనానికి కొండ పక్క సూడండి, రెండోది అక్కడున్నాది" అని మాకు మెల్లగా చెప్పింది. మాస్టారు ఆవిడకేసి తలెత్తి చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

వానల్లో ఆయన పోయారు. పలకరింపుకి వచ్చిన ముసలమ్మ ఒకావిడ, ఆ పిట్టని అప్పుడే తరిమేసి ఉంటే ఈ గతి పట్టేది కాదని నిష్ఠూరంగా అంది. అక్కడున్న కొందరు తలూపారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తులసత్త తలెత్తి, "అది నీళ్ళ కోసరం ఒచ్చిందమ్మా. నా మావని తీసుకుపోనాది పిట్ట కాదు, మా ఊరి నీళ్ళు" అంది.

మరుసటేడు మాఘంలో నడక ఆగిపోతుందనే అందరం అనుకున్నాం. చీకటితో మా తలుపు తట్టింది తులసత్త. మెడలో కొబ్బరితాడు బైనాక్యులర్. ఆవిడ ఆ క్వార్టరు ఖాళీ చేసేదాకా ఆ వసంతమంతా ముందు నడిచింది, పేరు తెలియని పిట్ట కనబడితే మా ఊళ్ళో దీన్ని ఏటీ అనరని నిర్మొహమాటంగా చెప్పేది. ఆవిడ వెళ్ళిపోయాక నడకా నిలిచిపోయింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. సరుగుడు తోపు కొట్టేసి కొత్త భవనాలు కట్టారు, మైదానంలో సిమెంటు పలకలు పరిచి బస్సులూ కార్లూ నిలుపుతున్నారు. నాలుగు వైపులా ఎత్తైన గోడ, మేక కూడా దూరలేదు. కంసాలి పిట్ట ఎక్కడైనా ఉందేమోనని చెవులు రిక్కించి నిలబడితే, ఎవరు కావాలని వాచ్‌మన్ అడిగాడు.

తులసత్త పలాసలో తమ్ముడింట్లో, మూడో అంతస్తులో ఉంటుంది. చూపు మందగించింది. మొన్న నేను వెళ్ళినప్పుడు, ఇంకా చిన్నప్పట్లాగే నన్ను గుంటా, అంటే పిల్లా, అని పిలుస్తూ టెక్కలి ఎలా ఉందని అడిగితే చూసిందంతా చెప్పాను. విని కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"తీతువేమైనా అరిసిందేటి, గుంటా?"

"లేదత్తా."

"ఒక్కపాలి అరిత్తే ఇనాలని ఉన్నాదే" అంది.